మైకు సంగతి తర్వాత, ముందు ఫ్యాను ఆపండి

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వచ్చి పదిహేడేళ్ళయింది, నంగనల్లూరులో ఉంటున్నాం. మా అమ్మాయికి 13 ఏళ్ళు. ఆరేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. వర్ణాలు అయిపోయి కృతుల్లోకి వచ్చింది, కల్పనస్వరం (పాడుతూనే అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) ఈమధ్యే మొదలుపెట్టారు. శ్రుతి అయిదు కట్టై. పోయిన నెల ఒక గుడి ఉత్సవంలో పాడితే మావారు ఫోన్‌లో రికార్డు చేశారు. ఇంటికొచ్చి విని, "నా గొంతు ఇలా ఉంటుందా?" అని మొహం మాడ్చుకుంది. అప్పట్నుంచి ఎవరైనా ఫోను తీస్తే చాలు, పాట ఆపేస్తోంది. మావారేమో ఇంట్లోనే మంచి సెటప్ పెట్టేద్దాం, వారానికో పాట యూట్యూబ్‌లో పెడదాం అంటున్నారు. ఒక కొట్లో అడిగితే కండెన్సర్ మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), రెండు స్పీకర్లు, గోడలకి అతికించే ఫోమ్ అన్నీ కలిపి 85,000 అన్నారు. నెలాఖరులోగా అయిదు వేలు అడ్వాన్సు కడితే ఆఫర్ వర్తిస్తుందట. మాది రెండో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. విమానాలు నెత్తి మీదుగా పోతుంటాయి. హాల్లో మా అమ్మ సీరియల్స్ చూస్తుంటుంది. అంత డబ్బు పెట్టొచ్చా? ఏ మైకు కొనాలి? తంబూర ఎలా పెట్టుకోవాలి?
– ఒక అమ్మ, నంగనల్లూరు

జవాబు: అడ్వాన్సు కట్టకండి. ఆ ఒక్క మాట ముందు చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఆ 85 వేలల్లో సగానికి సగం మీకు ఇప్పట్లో అక్కర్లేని వాటికే పోతుంది. స్పీకర్లు వద్దు. ఫోమ్ అసలే వద్దు. మైకు, ఇంటర్‌ఫేస్ కావాలి గానీ అవి ఈ నెలే కొనకపోతే కొంపలేం మునగవు. ఆఫర్లు దీపావళికీ వస్తాయి, సంక్రాంతికీ వస్తాయి. మీ ఉత్తరం చదివాక నా మనసులో ఉండిపోయింది రేటు కాదు, ఫోను చూడగానే పాప పాట ఆపేస్తోందన్న మాట. దాంతోనే మొదలుపెడతాను.

మన గొంతు మనకి రెండు దారుల్లో వినిపిస్తుంది. ఒకటి, నోట్లోంచి గాల్లోకి వెళ్ళి చెవిలోకి వచ్చేది. రెండోది, పుర్రె ఎముకల గుండా నేరుగా లోపలి చెవికి చేరేది. ఈ రెండో దారిలో కింది నాదం, ఆ నిండుతనం ఎక్కువగా వస్తాయి. రికార్డింగులో ఆ దారే ఉండదు. అందుకే మొదటిసారి తన గొంతు తను విన్నవాళ్ళెవరికైనా అది పీలగా, పరాయిగా ఉంటుంది. నేను క్యాసెట్ల కాలంలో మొదటిసారి నా గొంతు విని, టేప్‌రికార్డరులో బ్యాటరీలు అయిపోయాయేమోనని కొత్తవి వేసి మళ్ళీ విన్నాను. తేడా ఏమీ రాలేదు.

దీనికి తోడు మీవారు రికార్డు చేసింది ఫోన్‌తో, బహుశా నాలుగో వరసలోంచి. అంత దూరం నుంచి గొంతు కంటే మంటపం ప్రతిధ్వనే ఎక్కువ వినిపిస్తుంది. పైగా చాలా ఫోన్లలో రికార్డింగ్ యాప్ వాల్యూం తనంతట తనే సర్దుకుంటుంది. పాప తారస్థాయికి వెళ్ళి గొంతు విప్పగానే తగ్గించేస్తుంది, ఊపిరి తీసుకోగానే పెంచేస్తుంది. అంటే కష్టపడి సాధించిన ఎత్తుపల్లాలన్నీ చదును చేసి పెడుతుంది. పాప విన్నది తన గొంతు కాదు. ఈ సంగతి మీరు చెప్తే "అమ్మ ఊరడిస్తోంది" అనుకుంటుంది, కాబట్టి ఈ ఉత్తరం తననే చదవమనండి.

కాబట్టి మీ ఇంటి సెటప్ మొదటి మూడు నెలలు ముగ్గురికే: పాపకి, మీకు, గురువుగారికి. యూట్యూబ్ సంగతి చివర్లో చూద్దాం.

ఇప్పుడు ఒక పని చెప్తాను, దీనికి పైసా ఖర్చు లేదు. ఈ ఆదివారం పొద్దున అయిదింటికి లేచి, ఫోను తీసుకుని ఒక్కో గదిలో రెండేసి నిమిషాలు రికార్డు చేయండి. పాట కాదు, మాట కాదు, ఊరికే గదిని. ఫ్యాను తిరుగుతుండగా ఒకటి, ఆపి ఒకటి. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. మీ ఇంట్లో ఇన్ని చప్పుళ్ళు కాపరం చేస్తున్నాయని అప్పుడు తెలుస్తుంది. ఫ్రిజ్ గురక, కింద నీళ్ళ మోటారు, లిఫ్టు తలుపు, బాత్రూంలో కారే కొళాయి, పక్కవాళ్ళ ఏసీ. ఇక చెన్నై కాకుల సంగతి చెప్పనక్కర్లేదు, అయిదున్నరకల్లా డ్యూటీ ఎక్కుతాయి. మార్గళి నెలలో (మన ధనుర్మాసం) అయితే తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై వస్తుంది. సంగీతానికి పుట్టిల్లు లాంటి నెలలోనే రికార్డింగుకి వేళ దొరకదు, ఏం చేస్తాం.

ఫ్రిజ్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆ సన్నటి మోత అలవాటైపోయి మనకి వినపడదు గానీ మైకు మర్చిపోదు. రికార్డింగు ఉన్నంతసేపు స్విచ్చి ఆపేయండి. నేను ఒకసారి ఆపి, పని బాగా కుదిరిందన్న సంబరంలో మళ్ళీ వేయడం మర్చిపోయాను. మర్నాటికి ఇడ్లీ పిండి గిన్నె దాటి, అరల మీంచి కిందకి కారి, కూరగాయల డబ్బాలోకి చేరింది. ఆ రోజు నుంచీ రికార్డింగ్ మొదలుపెట్టే ముందు స్కూటర్ తాళంచెవి ఫ్రిజ్‌లో పెడతాను. బయటికి వెళ్ళాలంటే అది తెరవాల్సిందే కదా.

విమానాల విషయంలో మీరు గానీ నేను గానీ చేయగలిగింది లేదు. విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం పక్కన కాపరం పెట్టాక అది మన తాళంలో ఒక భాగం. వారం రోజులు గోడ మీద ఒక కాగితం అంటించి ఏ వేళల్లో వరసగా పోతున్నాయో, ఎప్పుడు తెరిపి ఉంటుందో రాసుకోండి. మీ ఇంటికి ఏది మంచి వేళో ఆ కాగితమే చెప్తుంది. అయినా పాట మధ్యలో ఒకటి వస్తే ఆపి, పోనిచ్చి, పల్లవి మళ్ళీ ఎత్తుకోవడమే.

మరి ఫోమ్ అతికిస్తే విమానం చప్పుడు ఆగదా అంటారేమో. ఆగదు. కొట్లవాళ్ళు ఇక్కడే రెండు వేరు పనుల్ని ఒకటిగా కలిపి చెప్తారు. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపాలంటే బరువు కావాలి, మందం కావాలి, గాలి దూరే సందు కూడా ఉండకూడదు. అంటే గోడలో గోడ కట్టాలి. అద్దె ఇంట్లోనో అపార్టుమెంటులోనో అయ్యే పని కాదు. ఫోమ్ చేసేది రెండో పని, గది లోపలి ప్రతిధ్వనిని పీల్చుకోవడం. అది కూడా సగమే చేస్తుంది. మీ పాప శ్రుతి అయిదు కట్టై అన్నారు. ఆధార షడ్జం, అంటే పాట మొత్తానికి ఆధారమైన 'స', సెకనుకి 196 కంపనాలు. గాల్లో ఆ తరంగం పొడవు దాదాపు 5.7 అడుగులు, మీ పాప ఎత్తు కంటే ఎక్కువే ఉండొచ్చు. అంగుళం మందం స్పాంజి దాన్నేం పట్టుకోగలదు? అది పట్టుకునేది పైనున్న పదునుని, 'స', 'శ', 'చ' లాంటి అక్షరాల అంచుల్ని. చివరికి మాట మొద్దుబారిపోతుంది, గుంయ్‌మనే మోత మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. కోడిగుడ్ల అట్టలు అతికించమని ఎవరైనా చెప్తే వినకండి. ప్రతిధ్వనికి పనికిరాకపోగా, నిప్పంటుకుంటే ప్రమాదం.

మీ ఇంట్లో అంతకంటే మంచి సరుకు ఉంది. బీరువా నిండా చీరలు, దూది పరుపు, అటక మీద బొంతలు.

హాలు వదిలేయండి. టైల్సు, గాజు తలుపులు, పైగా అమ్మగారి సీరియల్. బెడ్‌రూముల్లో చిన్నదాని మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. చప్పట్టు వెనక 'ట్యంయ్' అని ఒక తోక వినిపిస్తుంది. ఆ తోకని కత్తిరించడమే మన పని. నేల మీద జంపఖానా, దాని మీద పలచటి పరుపు వేసి పాపని కూర్చోబెట్టండి. గది నట్టనడుమ వద్దు, మూలన అసలొద్దు. మొహం కిటికీ వైపు ఉండాలి, కిటికీకి మందమైన కర్టెన్ వేసి ఉండాలి. వీపు వెనక బీరువా తలుపులు బార్లా తెరిచి పెట్టండి. బీరువా అక్కడికి రాకపోతే బట్టలారేసే స్టాండు మీద రెండు బొంతలు వేలాడదీయండి.

ఈ అమరిక ఎందుకంటే, మనం వాడే మైకు ముందువైపు నుంచి వచ్చేదాన్ని బాగా తీసుకుంటుంది, వెనకనుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. పాప కిటికీకి ఎదురుగా కూర్చుంటే మైకు వీపు కిటికీకి ఉంటుంది, వీధి చప్పుడు తగ్గుతుంది. మైకు ముఖం పాప మీదకీ, పాప వెనకున్న గోడ మీదకీ ఉంటుంది కాబట్టి ఆ గోడ నుంచి తిరిగొచ్చే ధ్వనిని చీరలు మింగేస్తాయి. బొంతలు వేశాక మళ్ళీ చప్పట్టు కొట్టి చూడండి. తోక పొట్టిదైతే చాలు, పూర్తిగా పోనక్కర్లేదు. మరీ చచ్చిపోయిన గదిలో పాడాలంటే పిల్లకి ఉత్సాహం రాదు.

ఈ పనులన్నీ ఫోన్‌తోనే రెండు వారాలు చేసి చూడండి. అదే ఫోను, అడుగున్నర దూరంలో, అదే పిల్ల. గుడి రికార్డింగుకీ దీనికీ తేడా పాపే చెప్తుంది. అది చెప్పిన తర్వాత కొనండి మైకు.

కొనేటప్పుడు పట్టీ ఇది. ఆడియో టెక్నికా ఏటీ 2020 స్థాయి కండెన్సర్ మైకు ఒకటి. రెండు మైకులు తగిలించే వీలున్న ఇంటర్‌ఫేస్ ఒకటి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటిది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, పాప్ ఫిల్టరు, బూమ్ స్టాండు. ధరలు వారానికోలా ఉంటాయి గానీ నా అంచనాలో మొత్తం 35 వేల చుట్టుపక్కల తేలాలి. కేబుళ్ళలాంటి చిల్లర సామాను మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్‌లో చూడండి. నేరుగా లాప్‌టాప్‌కి గుచ్చే యూఎస్‌బీ మైకు ఇంకా చవకే, చెడ్డదేం కాదు. కానీ రేపు పక్కన వయొలిన్ కూర్చుంటే రెండో మైకు పెట్టడం తలనొప్పి, అందుకే ఇంటర్‌ఫేస్ అంటున్నాను. కచేరీల్లో చేత్తో పట్టుకునే డైనమిక్ మైకు అయితే చుట్టుపక్కల చప్పుళ్ళు తక్కువ లాగుతుంది, నిజమే. అయితే దాన్ని మూతికి ఆనించి పాడాలి. ఆనిస్తే కింది నాదం ఉబ్బిపోతుంది, తల కాస్త కదిలిస్తే గొంతు మారిపోతుంది. మన పాటలో తల కదలకుండా ఉంటుందా? వేగంగా పడే సంగతుల్లో (ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడే తీరుల్లో) ప్రతి స్వరం విడివిడిగా, గమకంలో (స్వరాన్ని ఊపుతూ పలికించడంలో) జారుడు జారుడుగా వినపడాలంటే కండెన్సరే మేలు. దానికి 48 వోల్టుల కరెంటు కావాలి, ఇంటర్‌ఫేస్ మీద '48వి' అని ఒక మీట ఉంటుంది. అది వేయకుండా మైకు పాడైందని కొట్టుకి తిరిగి తీసుకెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టకండి. ఆడాసిటీ ఉచితం; మ్యాక్ ఉంటే గరాజ్‌బ్యాండ్ ఉంది. మీవారి లాప్‌టాప్ ఆఫీసుదైతే దాంట్లో కొత్తవి ఎక్కించనిస్తారో లేదో ముందే కనుక్కోండి. ఆదివారం అంతా సిద్ధం చేసుకున్నాక ఐటీ డిపార్టుమెంట్ పర్మిషన్ అడిగితే ఆ రోజు గోవిందా.

మైకు దూరం జానా బెత్తెడు. పాప చేత్తో కొలవండి, చాలు. ఎత్తు ముక్కుకి కాస్త పైన, ముఖం నోటి వైపు వంచి. నేరుగా నోటికి ఎదురుగా పెడితే 'భ', 'ఫ', 'ప' పలికినప్పుడల్లా గాలి వచ్చి దభీమని కొడుతుంది. తెలుగు కృతుల్లో ఒత్తులకి కొదవ లేదు. గాలి దెబ్బకి భయపడి పిల్లలు ఒత్తులు మింగేయడం మొదలుపెడతారు, అది ఇంకా ప్రమాదం. మైకుకీ నోటికీ మధ్య పాప్ ఫిల్టరు పెట్టి, 'భ'ని 'భ'లాగే పలకమనండి.

ఇక తాళం. కిందటేడు ఒకమ్మాయి వర్ణం రికార్డు చేయించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. చక్కగా పాడింది. వింటుంటే అడుగున ఎక్కడో 'ధబ్', 'ధబ్' అని మోత. పైఅంతస్తులో ఎవరైనా రోలు తిప్పుతున్నారా అని చూశాం. లేదు. కేబుల్ మార్చాం, మైకు మార్చాం. మోత అలాగే ఉంది. చివరికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేళ్ళ మీద లెక్క పెడితే ఒకటో అక్షరం దగ్గర, అయిదు దగ్గర, ఏడు దగ్గర. మళ్ళీ ఒకటి, అయిదు, ఏడు. నవ్వొచ్చింది. ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆదితాళం! నాలుగు లెక్కల లఘువులో మొదటి దెబ్బ, రెండేసి లెక్కల రెండు ద్రుతాల్లో చెరో దెబ్బ. పిల్ల తొడ మీద వేసుకుంటున్న తాళం, తను కూర్చున్న చెక్క దివాన్ గుండా, దాని మీదే నిలబెట్టిన స్టాండు గుండా మైకులోకి ఎక్కుతోంది. వేళ్ళ లెక్కా, విసుర్లూ చప్పుడు చేయవు కాబట్టి మిగతా అయిదు అక్షరాలూ నిశ్శబ్దం. తొడ మీద నాలుగు మడతల తువ్వాలు వేసి, స్టాండుని కిందకి దింపి మడత పెట్టిన దుప్పటి మీద పెట్టాం. మోత మాయం.

కాబట్టి మీ పాప ఒళ్ళో కూడా ఒక తువ్వాలు ఉంచండి. తాళం వేయొద్దని మాత్రం చెప్పకండి, చెయ్యి ఆగితే లోపల లెక్క కూడా తడబడుతుంది. గాజులు, పట్టీలు తీయించండి. పట్టులంగా వద్దు, అది కదిలినప్పుడల్లా గలగలమంటుంది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చుడీదార్ మంచిది. ఫ్యాను, ఏసీ ఆపాల్సిందే. ఎండాకాలమైతే ముందు ఇరవై నిమిషాలు ఏసీ వేసి గది చల్లబరచి ఆపేయండి, రెండు పాటల దాకా ఓర్చుకోవచ్చు. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. 'బుం' అనే సన్నటి హమ్ చాలా ఇళ్ళలో ఆ చార్జరుదే, ఎర్తింగ్ సరిగా లేకపోతే మరీను.

వాల్యూం ఎంత పెట్టాలంటే, ఆ పాటలో పాప అన్నిటికన్నా గట్టిగా పాడే చోటు ఏదో అడగండి. చాలాసార్లు అనుపల్లవిలోనో చరణంలోనో తారషడ్జం దాటి పైకి వెళ్ళే సంగతి అవుతుంది. అది మూడుసార్లు పూర్తి గొంతుతో పాడించి, తెర మీద మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైకు ధ్వనిని ఎంత పెంచాలో తేల్చే మీట) తిప్పండి. తర్వాత ఆ మీట ముట్టుకోవద్దు. మెల్లగా పాడే చోట సన్నగా కనిపిస్తోందే అని కంగారుపడకండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుంటే తర్వాత పెంచుకోవడానికి కావలసినంత జాగా ఉంటుంది. ఎర్రగీత తాకి పగిలిన స్వరాన్ని మాత్రం ఎవరూ అతికించలేరు.

మీరు తంబూర గురించి అడిగారు, నాకు ఇష్టమైన ప్రశ్న. తంబూర పెట్టెని పక్కన పెట్టుకుని పాడితే హాయిగానే ఉంటుంది, కానీ దాని నాదం గొంతుతో పాటు అదే మైకులో కలిసిపోతుంది. తర్వాత ఎక్కడైనా ఒక దగ్గు తీసేయాలని కత్తిరిస్తే, గొంతు అతుకుతుంది, తంబూర మీటు మాత్రం టక్కున ఎగురుతుంది. చెవున్నవాడికి దొరికిపోతాం. అందుకని తంబూరని విడిగా ఒక ట్రాక్‌లో పెట్టుకుని, పాపకి హెడ్‌ఫోన్లలో వినిపించండి. ఒక చెవి మూసి, ఒక చెవి తెరిచి. రెండు చెవులూ మూస్తే పిల్లలు తమ గొంతు తమకి అందక అరుస్తారు, లేదా శ్రుతి జారుతారు. తెరిచిన చెవి వైపు హెడ్‌ఫోను తల మీద గాల్లో తేలకుండా చెంపకి ఆనించి ఉంచండి, లేకపోతే దాంట్లోంచి తంబూర మైకులోకి కారుతుంది.

శ్రుతి అంకె రాసిపెట్టుకోండి. ఊళ్ళో వాళ్ళయితే 'శ్రుతి అయిదు' అంటారు, ఇక్కడ మనం 'అయిదు కట్టై' అంటాం, యాప్‌లో 'జి' అని ఉంటుంది. మూడూ ఒకటే. పాత పెట్టెలో మీట తిప్పి చెవితో సరిచేసిన శ్రుతి మర్నాడు వెంట్రుకవాసి తేడాగా కుదురుతుంది. కచేరీలో దాంతో ఇబ్బంది లేదు, రికార్డింగులో నిన్నటి పల్లవి ఇవాళ్టి చరణంతో అతకదు. యాప్‌లో అంకె పెట్టుకుంటే ఆ బాధ లేదు. హిందోళంలా పంచమం లేని రాగమైతే తంబూరలో పంచమం ఉంచాలా, మధ్యమం పెట్టాలా అన్నది గురువుగారిని అడగండి. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి.

పాప గొంతు పాపకి హెడ్‌ఫోన్లలో కాస్త ఆలస్యంగా వినిపిస్తుంటే అది కంప్యూటర్ చుట్టూ తిరిగి వస్తోందని అర్థం. ఇంటర్‌ఫేస్ మీద 'డైరెక్ట్ మానిటర్' మీట వేసి, సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చేదాన్ని ఆపేయండి. ఆ ఆలస్యంతో పాడిస్తే పెద్ద విద్వాంసులకైనా కాలప్రమాణం (పాట నడిచే వేగం) సాగిపోతుంది.

ఒక పాటకి మూడు టేకులు, అంతకు మించి వద్దు. నాలుగోసారికి పిల్ల పాటని పాడదు, తప్పు రాకూడదని కాచుకుని కూర్చుంటుంది. ముక్కలు అతికించి ఒక పాట చేద్దామనే ఆశ కూడా పెట్టుకోకండి. సినిమా పాటలో అది నడుస్తుంది, కింద లయ కొట్టే క్లిక్ ఉంటుంది కనక. మనకి మొదటి టేకులో కాలప్రమాణం వేరు, మూడో టేకులో వేరు. కల్పనస్వరాలైతే అసలు అతకవు, ఒకసారి వేసిన స్వరం రెండోసారి రాదు కదా. మొత్తం పాట పాడాలి, మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకునేది పాపే. అదే రోజు కాదు, మర్నాడు స్కూలు నుంచి వచ్చాక. రికార్డు చేసిన వెంటనే విన్నవాళ్ళకి తప్పులే వినిపిస్తాయి.

ప్రతి టేకుకి ముందు పది సెకన్లు ఊరికే కూర్చోమని, తర్వాత రోజు, రాగం, తాళం, శ్రుతి, ఎన్నో టేకో నోటితో చెప్పించండి. ఇది కొత్త ఆచారమేం కాదు. 1902లో కలకత్తాలో గ్రామఫోను వాళ్ళు గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు ఆవిడ పాట చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివాళ్ళకి ఇది ఎవరి పాటో తెలియాలిగా. ఆవిడకి దొరికింది మూడు నిమిషాలు, అందులోనే పేరు కూడా ఇరికించింది. మీ పాపకి ఎంతసేపైనా ఉంది, చెప్పించండి. లేకపోతే ఆరు నెలల తర్వాత లాప్‌టాప్ నిండా 'న్యూ రికార్డింగ్ 47', 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' అనే ఫైళ్ళు మిగులుతాయి. నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ పడుతుంది, జాగాకి భయం లేదు. రెండు చోట్ల దాచండి. గురువుగారికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపకండి, అది నాణ్యత పిండేస్తుంది. డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.

ఆ పది సెకన్ల నిశ్శబ్దానికి ఇంకో ఉపయోగం ఉంది. ఆడాసిటీలో 'నాయిస్ రిడక్షన్' కి అదే నమూనా. కానీ ఉప్పులా వాడాలి. ఎక్కువ పెడితే పాప బావిలోంచి పాడినట్టుంటుంది, కార్వైలు (సాగదీసి నిలిపే స్వరాలు) చివర్లో సన్నగా ఆగాల్సింది పుటుక్కున తెగిపోతాయి. రివర్బ్ (సాఫ్ట్‌వేర్ కలిపే ప్రతిధ్వని) చిటికెడు. ఆటోట్యూన్ జోలికి వెళ్ళకండి. దానికి గమకం అంటే తెలియదు, స్వరం ఊగుతుంటే తప్పనుకుని నిలబెట్టేస్తుంది. తోడి రాగంలో గాంధారాన్ని అలా నిలబెడితే తోడి ఎక్కడుంటుంది?

పక్కవాద్యాల గురించి మీరు అడగలేదు, ఒక ముక్క చెప్పి ఊరుకుంటాను. 2020లో అందరూ ఇళ్ళల్లో ఉన్నప్పుడు చాలామంది గొంతు ముందు రికార్డు చేసి పంపితే, దాని మీద మృదంగం వాయించి పంపేవారు. కృతికి అది కుదురుతుంది. రాగాలాపనకి వయొలిన్ అలా కుదరదు, జవాబు అప్పటికప్పుడు పుట్టాలి. వయొలిన్ నేర్చుకునే తోటిపిల్ల ఎవరైనా ఉంటే ఆదివారం పిలవండి, రెండో మైకు అందుకే.

మైకుని స్టాండు మీద వదిలేయకండి. సముద్రపు గాలి ఉన్న ఊరు మనది. పని అవగానే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టేయండి. కింద పడితే బాగుచేయించే ఖర్చుతో కొత్తది వస్తుంది.

యూట్యూబ్ గురించి మీవారికి నా మాటగా చెప్పండి. వారానికో పాట అన్నది పిల్ల మీద మోయలేనంత బరువు. 13 ఏళ్ళ పిల్ల వారానికో కృతి నేర్చుకోదు, నేర్చుకోకూడదు కూడా. గురువుగారు సరేనన్నాక, పాప తనంతట తను "ఇది పెడదాం" అన్న రోజు ఒకటి పెట్టండి. ఖాతా మీ పేరున, కామెంట్లు మూసేసి. త్యాగరాజస్వామి 1847లోనే పోయారు, ఆ కృతులకి హక్కుల గొడవ లేదు. ఇరవయ్యో శతాబ్దపు వాగ్గేయకారుల విషయంలో చూసుకోవాలి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. పాపనాశం శివన్ 1973లో పోయారు, లెక్క మీరే వేసుకోండి.

అన్నట్టు, ఆ కొట్టాయన అడ్వాన్సు కోసం మళ్ళీ ఫోన్ చేస్తే ఆఫర్ సంగతి ఎత్తకండి. కింద కూర్చుని పాడేవాళ్ళ ఎత్తుకి దిగే పొట్టి బూమ్ స్టాండు ఉందా అని మాత్రం అడగండి. కొట్లలో ఎక్కువగా దొరికేవి నిలబడి పాడేవాళ్ళవే. ఉందంటే అది ఒక్కటి తెచ్చుకోండి, ప్రస్తుతానికి దానికి ఫోను కట్టుకోవచ్చు.